ఓడిన జట్టూ మన జట్టే

సింగరేణి గనుల ప్రాంతములో, రామకృష్ణాపూర్ వంటి ఊళ్ళలో, క్రికెట్టు ఆట ఉన్ననాడు డ్యూటీ ముగించుకొని పైకి వచ్చిన కార్మికుడు ముందుగా అడుగునది ఒక్కటే: "మనోళ్ళు ఎంత కొట్టిండ్రు?" బాయిలోనికి రేడియో వ్యాఖ్యానము చేరదు. దిగునప్పుడు చేతిలో నున్నట్లు తోచిన ఆట, పైకి వచ్చుసరికి చేజారిపోయి యుండవచ్చును.

2023 నవంబరు 19వ తేదీన అహమ్మదాబాదులో అట్లే జరిగినది. వరుసగా పది ఆటలు గెలిచి ప్రపంచకప్పు తుదిపోటీకి చేరిన మన జట్టు, ఆస్ట్రేలియా చేతిలో ఆరు వికెట్ల తేడాతో ఓడినది. మరునాడు నిందలకు కొదవ లేదు. మొన్నటి "మనవాళ్ళు" ఒక్క రాత్రిలో "వాళ్ళు" అయినారు. ఈ మాటమార్పు న్యాయమేనా? మన క్రికెట్టు చరిత్రను ఒక్కమారు తిరుగవేసి చూతము.

ఆ చరిత్ర ఓటమితోనే మొదలైనది. 1932 జూనులో లార్డ్సు మైదానమున మన తొలి టెస్టుకు నాయకత్వము వహించినవారు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమునకు చెందిన సి. కె. నాయుడుగారు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినను, తొలి ఇన్నింగ్సులో మనవైపున అందరికంటె ఎక్కువగా 40 పరుగులు తీసినవారు ఆయనే. ఆ టెస్టులో 158 పరుగుల తేడాతో ఓడితిమి. తొలి గెలుపు కొరకు ఇరువది యేండ్లు, ఇరువదియైదు టెస్టులు వేచియుండవలసి వచ్చినది. 1952 ఫిబ్రవరిలో మద్రాసున ఇంగ్లండుపై ఆ గెలుపు లభించినది. వినూ మన్కడ్ ఆ ఆటలో పండ్రెండు వికెట్లు పడగొట్టినాడు. హైదరాబాదు బౌలరు గులాం అహ్మదు ఆయనకు తోడు నిలిచినాడు. కాని నాలుగు నెలలైనను గడువకముందే, లీడ్సులో ఒక్క పరుగైనను రాకుండ మన నాలుగు వికెట్లు కూలినవి. గెలుపు తరువాత ఓటమి మనకు నాటినుండియు పరిచితమే.

ఇంతకన్న కఠినమైన పరీక్ష 1974లో వచ్చినది. అంతకు మూడేండ్ల ముందు, 1971 ఆగస్టు 24న, ఓవల్ మైదానమున అజిత్ వాడేకర్ జట్టు ఇంగ్లండు గడ్డపై మొదటిమారు సిరీసు గెలిచినది. ఆనాడు గెలుపు పరుగులు కొట్టినవాడు హైదరాబాదు ఆటగాడు సయ్యద్ అబిద్ అలీ. ఆ యేటి విజయములకు గుర్తుగా ఇందోరులో ఒక పెద్ద కాంక్రీటు బ్యాటునే నిలిపినారు. 1974 జూనులో అదే వాడేకర్ నాయకుడుగా, అదే అబిద్ అలీ జట్టులో నుండగా, లార్డ్సులో మన రెండవ ఇన్నింగ్సు పదునేడు ఓవర్లలో 42 పరుగులకే ముగిసినది. సిరీసులోని మూడు టెస్టులును పోయినవి. మనవారు చేసినదేమి? ఇందోరులోని ఆ బ్యాటునే కోపముతో పాడుచేసినారు. వాడేకర్ మరల టెస్టు ఆడలేదు.

బ్యాటు చేసిన నేరమేమి? 1971లో ఆ గెలుపు మనదని చాటుకొన్నప్పుడు, 1974లోని ఓటమి మాత్రము పరులది ఎట్లగును? కొట్టిన చేతులును, తడబడిన చేతులును అవే గదా!

తప్పును తప్పనవద్దని మేము చెప్పుట లేదు. చెడ్డ షాటును చెడ్డదనవలసినదే. ఎంపికలో లోపమున్న ప్రశ్నింపవలసినదే. కాని విమర్శ వేరు, వెలివేయుట వేరు. ఇంటి బిడ్డ పరీక్ష తప్పినచో మందలింతుము, ఇంటిపేరు తీసివేయము.

అహమ్మదాబాదు ఓటమి తరువాత ఏడు నెలలకు, 2024 జూను 29న, బార్బడోసులో మన జట్టు టీ20 ప్రపంచకప్పు గెలిచినది. అయితే గెలుపు వచ్చినందువలననే నిలిచియుండుట సార్థకమైనదని మా భావము కాదు. గెలుపు రాకపోయినను, 1932 నుండి 1952 వరకు ఆ జట్టును తమదనుకొన్నవారి నిష్ఠకు విలువ తగ్గెడిది కాదు.

రేపు మరల ఆట ఉండును. గని నుండి పైకి వచ్చినవాడు మరల స్కోరు అడుగును. జవాబు ఏదైనను, ఆ ప్రశ్నలోని "మనోళ్ళు" అను మాట మారకుండుటే మనము కోరదగినది.