చేతి పని – మతికి ఆసరా

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి రాయమని మిత్రులు కోరినప్పుడు, రాజులు, కోటల సంగతి కాక మన వయసువారికి పనికివచ్చే ఒక వైద్యవిధానం చరిత్ర రాయాలనిపించింది. అందుకు కారణం మా అన్నయ్య.

అన్నయ్య కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రెవెన్యూ కచేరీలలో ముప్పై నాలుగేండ్లు పనిచేసి నిర్మల్‌లో స్థిరపడ్డాడు. ఏ ఊరి పహాణీ ఏ బస్తాలో ఉందో చూడకుండా చెప్పేవాడు. అటువంటి మనిషి డెబ్బై రెండో ఏట పొద్దున వేసుకున్న బీపీ గోలీని మళ్లీ వేసుకోబోయేవాడు. ఒకనాడు పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయాడు. అప్పుడు మేమంతా ప్రేమతోనే ఒక తప్పు చేశాం. "నువ్వు కూర్చో అన్నా, మేం చూసుకుంటాం" అంటూ అంగడి సంచీ, పాస్‌బుక్కు, చివరకు చాయ్ గిన్నె కూడా ఆయన చేతిలోంచి తీసుకున్నాం. ఆరు నెలలలో మాటే తగ్గిపోయింది.

హైదరాబాదులో డాక్టరుగారు థైరాయిడ్, బి12 లోపం వంటి సరిచేయగల కారణాలేవీ లేవని చూసి, మతిమరుపు తొలిదశలో ఉన్నదని చెప్పి, ఆక్యుపేషనల్ థెరపిస్టు వద్దకు పంపారు. ఆ పేరు నేను వినడం అదే మొదలు. తెలుగులో చెప్పాలంటే, పని ద్వారా మనిషిని నిలబెట్టే చికిత్స.

ఈ వృత్తివారి తొలి జాతీయ సంఘం 1917లో అమెరికాలో ఏర్పడింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు చేతి పనుల ద్వారా స్వస్థత కలిగించడంతో దీనికి గుర్తింపు వచ్చింది. అమెరికాలో పుట్టి మన దేశపు కోడలైన కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి శిక్షణాలయం ప్రారంభించారు. 1952లో అఖిల భారత సంఘం వెలిసింది. అదే ఏడు ఏర్పడిన ప్రపంచ సమాఖ్య స్థాపక దేశాలలో మనదీ ఒకటి.

అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు 1906లోనే ఈ జబ్బును వివరించినా, చేయగలిగింది ఏమీ లేదన్న నిరాశే చాలాకాలం సాగింది. 2006లో నెదర్లాండ్స్ పరిశోధకులు 135 మంది మతిమరుపు రోగులపై చేసిన అధ్యయనం ప్రకటించారు. కొందరికి ఇంటి వద్దనే ఐదు వారాలలో పది విడతలు ఈ చికిత్స ఇచ్చి, చూసుకునేవారికి కూడా నేర్పారు. వారు రోజువారీ పనులు మెరుగుగా చేసుకోగలిగారు. మూడు నెలలకు కూడా ఆ మేలు నిలిచింది.

మన వైపు సంగతీ ఒకటున్నది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో ప్రకటించింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది. ఇంట తెలుగు, కచేరీలో ఉర్దూ, అంగట్లో మరాఠీ మాట్లాడిన మా అన్నయ్యకు జబ్బు రాకుండా పోలేదు. బహుశా కొంత ఆలస్యమైందేమో!

ఆ థెరపిస్టమ్మ "ఏమేం మరిచిపోతున్నారు?" అని అడగలేదు. "మీకు ఏ పని ఇష్టం?" అని అడిగింది. "చాయ్ పెట్టడం" అన్నాడు అన్నయ్య. పొయ్యి పక్కన గోడకు పెద్ద అక్షరాలతో వరుసగా రాసిన కాగితం అంటించాం. చివరి మాట: "గ్యాస్ బంద్." పది రోజులు వదిన పక్కనే నిలబడింది, అవసరమైతేనే నోరు విప్పింది. గోలీలకు ఏడు అరల డబ్బా వచ్చింది. కళ్లద్దాలు, తాళంచెవి, పాస్‌బుక్కు తలుపు పక్కన ఒకే గూటిలో చేరాయి. కూరగాయలకు చీటీ పట్టుకొని మనుమనితో కలిసి తానే పోతున్నాడు.

జబ్బు పోలేదు. పోతుందని ఆమె చెప్పనూ లేదు. కాని మాట తిరిగి వచ్చింది. నేను నిర్మల్ పోయినప్పుడల్లా అన్నయ్యే చాయ్ తెచ్చి ఇస్తాడు. ఒక్కోసారి చక్కెర రెండుసార్లు పడుతుంది. నేనేమీ అనకుండా తాగుతాను.

సభ్యులకు, వారి పిల్లలకు నా మనవి ఒక్కటే. మతిమరుపును ముసలితనమని వదిలేయక వైద్యునికి చూపించండి. పెద్దల చేతిలో పని లాక్కోకండి. లైఫ్ సర్టిఫికేటుకు తోడు వెళ్లండి, సంతకం మాత్రం వారినే చేయనివ్వండి.