నెట్‌వర్క్ పోర్టు: పనితీరు, లోపాల గుర్తింపు (అండమాన్ నికోబార్ దీవుల నేపథ్యంలో)

కంప్యూటర్‌కు చేరిన డేటా అందులో నడుస్తున్న ఏ ప్రోగ్రాముకు వెళ్లాలో చెప్పే సంఖ్యే నెట్‌వర్క్ పోర్టు. ఐపీ అడ్రస్ యంత్రం దాకా తీసుకొస్తుంది, అక్కడి నుంచి పని పోర్టుది. ఇది 16 బిట్ల సంఖ్య కాబట్టి 0 నుంచి 65,535 వరకు ఉంటుంది. టీసీపీ, యూడీపీ అనే రెండు ప్రోటోకాళ్లకు లెక్క వేరు. ఒకే నంబరును రెండింటిలో రెండు ప్రోగ్రాములు వాడుకోవచ్చు. యూడీపీ ప్రమాణం 1980 ఆగస్టులో, టీసీపీ ప్రమాణం 1981 సెప్టెంబరులో వెలువడ్డాయి.

1023 వరకు ఉన్న నంబర్లు పేరున్న సేవలకు కేటాయించినవి: వెబ్‌కు 80, భద్రమైన వెబ్‌కు 443, పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్‌కు 53, మెయిల్ సర్వర్ల మధ్య ఉత్తరాలకు 25. ఫిన్లాండ్‌కు చెందిన తాతు యిలోనెన్ 1995లో, దూరపు యంత్రంలోకి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ రాసినప్పుడు, ఎఫ్‌టీపీకి ఉన్న 21కీ టెల్‌నెట్‌కు ఉన్న 23కీ నడుమ ఖాళీగా ఉన్న 22ను అడిగి తీసుకున్నాడు. 1024 నుంచి 49,151 దాకా నమోదు చేసుకునేవి. మైఎస్‌క్యూఎల్ 3306, రిమోట్ డెస్క్‌టాప్ 3389 ఈ కోవలోవే. ఆపైవి తాత్కాలికం. బ్రౌజర్ కొత్త సంబంధం తెరిచిన ప్రతిసారీ తన వైపు ఇలాంటి నంబరొకటి తీసుకుని, పనయ్యాక వదిలేస్తుంది.

జవాబు, తిరస్కారం, మౌనం

టీసీపీ సంబంధం మూడు ప్యాకెట్లతో కుదురుతుంది. అడిగేవాళ్ల నుంచి సిన్, సర్వర్ నుంచి సిన్-అక్, మళ్లీ ఇటు నుంచి అక్. సిన్-అక్ వస్తే పోర్టు తెరిచి ఉన్నట్టు. ఆ నంబరు మీద ఏ ప్రోగ్రామూ కాచుకుని లేకపోతే సర్వర్ రీసెట్ ప్యాకెట్ పంపుతుంది, తెర మీద ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని పడుతుంది. చూడగానే కంగారుపడతాం గానీ ఇది చాలావరకు మంచి కబురే: దారి బాగుంది, యంత్రం బతికే ఉంది, ప్రోగ్రాము మాత్రం లేవలేదు. ప్యాకెట్లను వడగట్టే ఫైర్‌వాల్‌లు కొన్ని కూడా రీసెట్ పంపుతాయన్నది గుర్తుంచుకోవాలి.

చిక్కంతా మూడోదైన మౌనంతో. ఏ జవాబూ రాదు, చివరికి ‘టైమ్డ్ అవుట్’ అని వస్తుంది. ఫైర్‌వాల్ ప్యాకెట్‌ను చప్పుడు చేయకుండా పారేసి ఉండవచ్చు, సర్వర్ ఆగిపోయి ఉండవచ్చు, దారి తెగి ఉండవచ్చు, లేదా జవాబు ఇంకా దారిలోనే ఉండవచ్చు. ఈ చివరి అవకాశాన్ని నగరాల్లో పనిచేసేవాళ్లు దాదాపు మరిచిపోయారు. దీవుల్లో మరవడానికి వీల్లేదు.

ఉపగ్రహం నుంచి కేబుల్‌కు

2020 వరకు అండమాన్ నికోబార్ దీవులకు ప్రధాన భూభాగంతో ఇంటర్నెట్ సంబంధం ఉపగ్రహాల మీదే ఆధారపడి ఉండేది. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకెళ్లి దిగాలి, జవాబూ అలాగే పైకెళ్లి దిగాలి. కాంతి వేగంతో లెక్కగట్టినా 477 మిల్లీసెకన్లకు తగ్గదు. పరికరాల జాప్యం, రద్దీ కలిస్తే అర సెకను దాటిపోతుంది. 443 పోర్టు మీద పాత టీఎల్‌ఎస్ 1.2 భద్రతా పద్ధతిలో పేజీ తెరవాలంటే టీసీపీకి ఒకటి, టీఎల్‌ఎస్‌కు రెండు, అసలు అభ్యర్థనకు ఒకటి, మొత్తం నాలుగు రాకపోకలు కావాలి. అంటే మొదటి అక్షరం కనబడేలోపే రెండు సెకన్లు పోయేవి.

చెన్నై నుంచి సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌కు 2018 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో శంకుస్థాపన జరిగింది. 2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ దాన్ని ప్రారంభించారు. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవైన ఈ కేబుల్‌ను సుమారు 1,224 కోట్ల రూపాయల ఖర్చుతో బీఎస్‌ఎన్‌ఎల్ చేపట్టింది. ఇది పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లను కలుపుతుంది. 2024 సెప్టెంబరులో కేంద్రం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది. చెన్నైకీ ఆ పట్టణానికీ తిన్నగా చూస్తే 1,360 కిలోమీటర్ల దూరం. ఫైబర్‌లో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక రానుపోను కనీసం 14 మిల్లీసెకన్లు. 477 ఎక్కడ, 14 ఎక్కడ!

అయినా కేబుల్ చేరని దీవిలోనో, నడిసముద్రంలోని ఓడలోనో ఉపగ్రహమే దిక్కు. అక్కడ పోర్టు పరీక్ష రెండు రకాలుగా మోసం చేస్తుంది. పరీక్షించే సాధనానికి గడువు అర సెకను పెడితే, తెరిచి ఉన్న పోర్టు కూడా మూసినట్టే కనిపిస్తుంది. పాత (2023కు ముందటి) లైనక్స్ తనంతట తాను మొదటి సిన్‌కు ఒక సెకను ఆగి, ఆపై రెండు, నాలుగు, ఎనిమిది అంటూ గడువు పెంచుతూ ఆరుసార్లు మళ్లీ అడిగి, మొత్తం 127 సెకన్ల తర్వాతే చేతులెత్తేస్తుంది. పరీక్ష చేసే మనిషికీ అంతటి ఓపిక ఉంటే బాగుండు. రెండో మోసం మొదటిదానికి ఎదురుది. ఆలస్యాన్ని కప్పిపుచ్చడానికి కొన్ని ఉపగ్రహ మోడెములు సర్వర్ తరఫున తామే సిన్-అక్ ఇచ్చేస్తాయి. అవతల సర్వర్ ఆగిపోయినా పోర్టు తెరిచే ఉందని పరీక్షకు వాడే టెల్‌నెట్ ఆదేశం చెబుతుంది. అందుకే ఉపగ్రహ దారిలో సంబంధం కుదరడాన్ని రుజువుగా తీసుకోకూడదు. సర్వర్ పంపే మొదటి పంక్తి, ఉదాహరణకు 22 మీద ఎస్‌ఎస్‌హెచ్ వెర్షన్ వివరం, కంటికి కనబడాలి.

ఎక్కడి నుంచి వెతకాలి

సర్వర్ దగ్గర మొదలుపెట్టి బయటికి రావడం మేలు. లైనక్స్‌లో ‘ఎస్ఎస్’, విండోస్‌లో ‘నెట్‌స్టాట్’ ఆదేశాలు ఏ పోర్టు మీద ఏ ప్రోగ్రాము కాచుకుని ఉందో చూపిస్తాయి. నంబరు ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు, పక్కనున్న అడ్రస్ కూడా చదవాలి. అది 127.0.0.1 అయితే ఆ ప్రోగ్రాము సొంత యంత్రం మాటే వింటుంది, ఫైర్‌వాల్ ఎంత సడలించినా బయటివాళ్లకు అందదు, 0.0.0.0 అయితే అన్ని దారులనుంచీ వింటుంది. ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని వస్తే చాలావరకు అదే నంబరు మీద మరో ప్రోగ్రాము ముందే కూర్చుందన్నమాట. సర్వర్‌లోంచి పనిచేస్తూ, అదే నెట్‌వర్క్‌లోని పక్క కంప్యూటర్ నుంచి పనిచేయకపోతే మొదట సర్వర్ ఫైర్‌వాల్‌ను చూడాలి. పక్కనుంచి పనిచేసి బయటినుంచి చేయకపోతే రౌటర్‌ను, ఇంటర్నెట్ సంస్థను అనుమానించాలి. ప్యాకెట్ అసలు చేరుతోందా అన్న వాదన తెగకపోతే సర్వర్‌లో ‘టీసీపీడంప్’ నడిపితే సరి: సిన్ కనబడితే వచ్చే దారి బాగుంది, బదులు ఎందుకు చేరలేదన్నదే మిగిలిన ప్రశ్న.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీ విజయపురంలో దుకాణం నడిపే తెలుగు వ్యాపారి తన సీసీ కెమెరాలను విశాఖలోని కొడుక్కు చూపించాలనుకున్నాడనుకుందాం. బయటి పిలుపును కెమెరాకు మళ్లించే పోర్టు ఫార్వర్డింగ్ రౌటర్‌లో సక్రమంగా పెట్టినా కెమెరా కనబడకపోవచ్చు. రౌటర్‌కు బయటివైపు వచ్చిన అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే కారణం తెలిసినట్టే. ఆ అడ్రస్‌లను 2012లో ఇంటర్నెట్ సంస్థల ఉమ్మడి వాడకానికి కేటాయించారు. ఒకే బహిరంగ అడ్రస్‌ను ఎందరో పంచుకుంటారు కనుక లోపలికి వచ్చే పిలుపు ఏ ఇంటికో తేలదు. రౌటర్‌లో ఎన్ని గంటలు కూర్చున్నా ఫలితం ఉండదు. సంస్థ నుంచి స్థిర అడ్రస్ తీసుకోవాలి, లేదా కెమెరాయే బయటి సర్వర్‌ను పిలిచే పద్ధతి పెట్టుకోవాలి.

పోర్టు పనిచేయడం లేదని ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపేయడం మాత్రం చెడ్డ అలవాటు. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే 445 పోర్టు లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే సవరణ ఇచ్చింది. అది వేసుకోని యంత్రాల్లోకి ఆ ఏడాది మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ అదే పోర్టు గుండా పాకి ప్రపంచాన్ని చుట్టేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. 445ను ఇంటర్నెట్ వైపు తెరవాల్సిన అవసరం దుకాణానికీ లేదు, కార్యాలయానికీ లేదు. దూరం నుంచి ఫైళ్లు కావాలంటే భద్రమైన సొంత దారి అయిన వీపీఎన్ పెట్టుకోవాలి.