పక్కగది చప్పుడు - సత్రం నుంచి లాడ్జి దాకా

సత్రం అన్న మాటకు సంస్కృతంలో మొదటి అర్థం యజ్ఞం. అందులోనూ ఎందరో ఋత్విక్కులు కూడి చాలా రోజులపాటు చేసే యజ్ఞం. అన్నం పెట్టే చోటుకూ, ఆ తరువాత బాటసారి తల వాల్చే చోటుకూ ఆ పేరు ఎలా దిగివచ్చిందో పండితులు చెప్పాలి. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. నాకు తోచేది ఇంతే: పదిమంది చేరి రోజుల తరబడి గొంతెత్తి మంత్రాలు చదివే చోటు పేరది. ఆ పేరులోనే నిద్రకు చోటు లేదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. మాది హోసూరు. నా ఉద్యోగంలో పన్నెండేళ్ళు ఇన్‌స్పెక్షను విభాగంలో గడిచాయి. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రలలో శాఖల లెక్కలు తనిఖీ చేస్తూ ఏడాదికి నూరు రాత్రులైనా లాడ్జీల్లో పడుకున్నాను. పడుకున్నాను అన్నాను గాని నిద్రపోయాను అనలేదు. పక్కగదిలో పెళ్ళివారు, ఎదుటి గదిలో పేకాటవారు, పై అంతస్తులో అర్ధరాత్రి మంచం జరిపేవారు. ఆ మేలుకున్న రాత్రుల్లోనే నాకు ఒక సందేహం పట్టుకుంది. మన పెద్దలు కాశీకీ రామేశ్వరానికీ నెలల తరబడి ప్రయాణాలు చేశారు గదా, వాళ్ళకు ఈ బాధ లేదా? ఉంటే ఎలా నెట్టుకొచ్చారు? అప్పటినుంచి దొరికిన పుస్తకాలలో ఈ సంగతి వెతకడం అలవాటయింది.

మొదట మన మాటల గురించే రెండు ముక్కలు. సత్రంతోపాటు మనకు చావడి ఉంది, విడిది ఉంది, బస ఉంది. అరబ్బీ నుంచి మజిలీ వచ్చింది, పారసీ నుంచి సరాయి వచ్చింది. చావడి అన్న మాటనే ఇంగ్లీషువాళ్ళు చౌల్ట్రీ చేసుకున్నారు. 17వ శతాబ్దపు చెన్నపట్నంలో కుంపిణీవారి చిన్న న్యాయస్థానం చావట్లోనే కూర్చునేది. అక్కడి న్యాయాధికారులకు చౌల్ట్రీ జస్టిసులని పేరు. చావడి అంటే తలుపు లేని చోటు. బాటసారి పడుకున్నా, తగవు తీర్చినా, పన్ను వసూలు చేసినా అందరి ఎదుటే. డబ్బిచ్చి భోంచేసే పూటకూళ్ళ ఇల్లు కూడా మనకు కొత్తది కాదు. 15వ శతాబ్దపు క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులు తిరుగుతుంటే రూకకు భోజనం పెట్టే ఇల్లు తగులుతుంది. అయితే డబ్బిచ్చి గది పుచ్చుకుని గడియ వేసుకోవడం మాత్రం మన అలవాట్లలో చాలా ఆలస్యంగా చేరింది. నా కథకు కీలకం ఆ గడియ దగ్గరే ఉంది.

దక్షిణాన సత్రాలు కట్టించిన వారిలో మన తెలుగు నాయక రాజులకు పెద్ద పేరు. మదురైని 17వ శతాబ్దం చివర పాలించిన రాణి మంగమ్మ రోడ్లు వేయించింది, సత్రాలు కట్టించింది. మదురై రైల్వే స్టేషను ఎదుట ఆమె పేరు మోస్తున్న సత్రాన్ని మనలో చాలామంది చూసే ఉంటారు. తంజావూరులో నాయకుల తరువాత వచ్చిన మరాఠా రాజులు ఆ దారినే నడిచారు. వాళ్ళు మరాఠీ మాట్లాడేవారే గాని తెలుగును కొలువులో నిలబెట్టినవారు. త్యాగయ్యగారు తిరువయ్యారులో కీర్తనలు పాడుతున్న కాలానికి అక్కడి రాజు రెండవ శరభోజి.

ఈ శరభోజి 1801లో తంజావూరు ఇంగ్లీషు రెసిడెంటుకు ఒక ఉత్తరం రాశాడు. రాజ్యం కుంపిణీ చేతిలోకి పోయినా సత్రాల మాన్యాలు మాత్రం పోకూడదని ఆయన తాపత్రయం. అందుకని రామేశ్వరం దారిలో ఉన్న తన సత్రాలలో ఏమేమి జరుగుతుందో వివరంగా చెప్పుకున్నాడు. బ్రాహ్మణుడి నుంచి పంచముడి దాకా, జోగులు, జంగాలు, బైరాగులు సహా వచ్చినవారికల్లా అన్నం పెడతారు. వండిన అన్నం తినని వారికి బియ్యం, సంభారాలు ఇస్తారు. జబ్బు చేస్తే వైద్యుడున్నాడు. ఈ పంపకం అర్ధరాత్రి దాకా సాగుతుంది. అర్ధరాత్రి కాగానే గంట కొట్టి, ఇంకా తిననివారు ఎవరున్నా వచ్చి తినవలసిందని చాటింపు వేస్తారు!

ఈ సంగతి చదివి పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. పగలంతా నడిచి అలసి సొలసి పడుకున్న మనిషి చెవి దగ్గర అర్ధరాత్రి గంట. ఇవాళ ఏ లాడ్జిలోనైనా అలా గంట కొడితే కౌంటరు దగ్గర గొడవే. ఆనాటి లెక్క వేరు. ఒకడి నిద్ర చెడినా ఫరవాలేదు, ఇంకొకడు ఆకలితో తెల్లవార్చకూడదు. చప్పుడు చేసేది అల్లరి మనిషి కాదు, సత్రమే. ధర్మం చేసేవాడికే గంట కొట్టే అధికారం. పుచ్చుకునేవాడు ఫిర్యాదు చేయడు. చేయలేడు కూడా. ఈ రెండో వాక్యాన్ని మనం మరిచిపోతాం. ఉచితంగా పడుకున్నవాడికి నిశ్శబ్దం అడిగే హక్కు లేదు.

మరి సొంత ఖర్చుతో పోయినవారో? ఏనుగుల వీరాస్వామయ్యగారిని చూద్దాం. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే మనలాగే సెలవు పెట్టి పోయిన ఉద్యోగి. 1830 మే 18న బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆయన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు రాసిన ఉత్తరాలే 1838లో కాశీయాత్రా చరిత్రగా అచ్చయ్యాయి. అప్పటికి ఆయన పోయి రెండేళ్ళు. మజిలీ మజిలీకీ అంగళ్ళు ఉన్నాయా, నీళ్ళు బాగున్నాయా, దిగడానికి వసతి ఉందా అని ఇన్‌స్పెక్షను రిపోర్టులాగా రాస్తాడు. ఆ పద్ధతి మా వృత్తివాళ్ళకు ముచ్చటేస్తుంది.

అయితే ఒక సంగతి. ఆయన వెంట దాదాపు నూరుమంది పరివారం. బంధువులు, నౌకర్లు, పల్లకీ మోసే బోయీలు. నూరుమంది ఒక చిన్న ఊరి చావట్లో దిగి పొయ్యిలు రాజేసి, గిన్నెలు దొర్లించి, మర్నాటి ప్రయాణం గురించి వాదులాడుకుంటే ఆ రొద ఎంత ఉంటుందో నేనే చెప్పనక్కరలేదు. ఆ రాత్రి అదే చావట్లో మూలన పడుకున్న ఒంటరి బాటసారి ఎవరైనా ఉంటే, అతను పుస్తకం రాయలేదు. చరిత్ర ఎప్పుడూ గుంపుగా పోయినవాడే రాశాడు. గోల ఎక్కడా నమోదు కాకపోవడానికి ఇదొక కారణమని నా అనుమానం.

వీరాస్వామయ్య పూరీ చూసిన నలభై ఏళ్ళకు విలియం హంటరు అనే బ్రిటిషు ఉద్యోగి ఒరిస్సా మీద రాసిన పుస్తకం వచ్చింది (1872). పూరీలో యాత్రికుల బసల గురించి ఆయన చెప్పిన ఒక గది కొలతలు: 13 అడుగుల పొడవు, సుమారు పదిన్నర అడుగుల వెడల్పు. అందులో ఒక రాత్రి 80 మంది పడుకున్నారని ఆయనకు చెప్పారు. లెక్క కట్టి చూశాను. మనిషికి రెండు చదరపు అడుగులు కూడా రాదు. మా శాఖలో క్యాష్ కౌంటరు అంతకన్నా విశాలం. అక్కడ గురక పెట్టేవాడి గురించి ఎవరూ మాట్లాడలేదు, కలరా గురించి మాట్లాడారు. 1871లో బెంగాలు శాసనసభ పూరీ లాడ్జింగు హౌసుల చట్టం చేసింది. ఇల్లు అద్దెకిచ్చేవాడు లైసెన్సు తీసుకోవాలి, ఎంతమందిని పెట్టుకోవచ్చో అందులో ఉంటుంది. బసలో జనాన్ని లెక్కపెట్టిన తొలి చట్టాలలో అదొకటి. ప్రాణానికే దిక్కులేనప్పుడు నిద్ర సంగతి ఎవరడుగుతారు?

అంతకు నాలుగేళ్ళ ముందే, 1867లో, సరాయిల చట్టం వచ్చింది. సరాయి నడిపేవాడి విధులు అందులో వరుసగా ఉన్నాయి. గదులు, వసారాలు, మురుగుకాలవలు శుభ్రం చేయించాలి. పిచ్చిమొక్కలు పీకించాలి. దొంగలు ఎక్కి లోపలికి దిగడానికి వీలిచ్చే చెట్లకొమ్మలు కొట్టించాలి. గోడలు, గేట్లు బాగుచేయించాలి. కాపలావాళ్ళను పెట్టాలి. ధరల పట్టిక అందరికీ కనపడేలా తగిలించాలి. తప్పితే 20 రూపాయల దాకా జరిమానా. చెట్టుకొమ్మ దాకా ఆలోచించిన ఆ దొరలకు పక్కవాడి రొద ఒక నేరంగా తోచలేదు. తోచదు కూడా. వాళ్ళు దిగేది డాక్ బంగళాల్లో.

రైలు వచ్చాక యాత్ర నెలల నుంచి రోజుల్లోకి కుదించుకుపోయింది. స్టేషన్ల దగ్గర కొత్త సత్రాలు లేచాయి. మద్రాసు సెంట్రలు పక్కన రామస్వామి మొదలియారు సత్రం, బెంగుళూరు స్టేషను దగ్గర గుబ్బి తోటదప్ప సత్రం ఆ కాలానివే. ఇవికాక కులాలవారీ సత్రాలు. కులాల సత్రాలంటే నాకు గౌరవం తక్కువ. గుమ్మం దగ్గరే నీదే కులమని అడిగే ఇంటిని ధర్మసత్రమనడం నాకు మింగుడుపడదు. కాని చప్పుడు సంగతి వరకు ఒప్పుకోవాలి. అక్కడ దిగినవాడు అనామకుడు కాడు. ఫలానా ఊరు, ఫలానావారి అల్లుడు. రాత్రి పదిగంటలకు గట్టిగా నవ్వితే ఒక ముసలాయన 'ఎవర్రా అది, ఫలానావారి పిల్లాడివేనా?' అంటే చాలు. ఆ మాట వాళ్ళ ఊరికి వాడికన్నా ముందే చేరేది.

లాడ్జి వచ్చి ఈ తీగ తెంపేసింది. బోర్డింగ్ అండ్ లాడ్జింగ్ అన్న బోర్డు కింద కౌంటరు, కౌంటరు మీద రిజిస్టరు, రిజిస్టరులో ఊరూ పేరూ రాయించుకుంటారు. అవి చదివేది పోలీసులే గాని పక్కగదివాడు కాదు. మనిషి పేరు పోయి 204 మిగులుతుంది. గదికీ గదికీ మధ్య నాలుగున్నర అంగుళాల గోడ, తలుపు పైన వెంటిలేటరు. పొడుగాటి నడవ చివర ఎవరు దగ్గినా ఈ చివరకు వినపడుతుంది. డబ్బు ఆదా చేసిన కట్టడమది. దానిలోకి మొదట ట్రాన్సిస్టరు వచ్చింది, ఆ తరువాత గదికొక టీవీ, 1995 తరువాత సెల్‌ఫోను. అద్దె కట్టిన ప్రతివాడూ ఒకే రసీదు మీద రెండు సరుకులు కొన్నాననుకుంటాడు. నా గదిలో నా ఇష్టం అన్నది ఒకటి, పక్కగదిలో మాత్రం సద్దు ఉండకూడదన్నది రెండోది. ఏ ఖాతాలోనూ ఈ రెండూ కలిసి జమ కావు.

చప్పుడు కోసమే ప్రత్యేకంగా కేంద్రం నియమాలు చేసింది 2000 సంవత్సరంలో. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రి. నివాస ప్రాంతాల్లో అప్పుడు 45 డెసిబెళ్ళు, వ్యాపార ప్రాంతాల్లో 55. చదవడానికి బాగుంటుంది. లౌడ్‌స్పీకర్లకు, బాణసంచాకు, హారన్లకు ఈ నియమాలు పనికొస్తాయి. 203లో వాళ్ళు నవ్వుతున్నారని 204 వాడు పోలీస్ స్టేషనుకు పోడు, పోయినా వాళ్ళు నవ్వుతారు. కౌంటరుకు ఫోను చేయడం ఒక్కటే మిగిలిన దారి. మెట్ల దగ్గర, లిఫ్టు దగ్గర గది వద్దని ముందే అడగడం దానికన్నా మేలు. నేనైతే దూదిని నమ్ముతాను.

మన ప్రాంతాల తెలుగువారికి ఇందులో ఇంకో చిక్కుంది. ఇక్కడి క్షేత్రాల్లో పక్కగది చప్పుడు చాలాసార్లు మన భాషలోనే ఉంటుంది. తిరువణ్ణామలైలో పౌర్ణమికి 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేయడానికి ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవారు ఈమధ్య బాగా పెరిగారు. రామేశ్వరంలోనూ అంతే. కౌంటరులో కుర్రాడికి ఫిర్యాదు చేస్తే 'మీ ఆళ్ళుదాన్ సార్' అంటాడు. మీవాళ్ళేనండీ అని. పక్కింటివాళ్ళ అల్లరికి సంజాయిషీ మనమిచ్చుకోవాలి. కోపమొస్తుంది. కాని ఆ తెలుగు చెవిన పడితే లోపలెక్కడో చల్లగానూ ఉంటుంది. నాలుగు తరాలుగా తమిళ బడుల మధ్య నిలబెట్టుకున్న భాష, అవతల గోడ వెనక ఇంత నిర్లక్ష్యంగా, ఇంత ధారాళంగా దొర్లుతుంటే, తగ్గించండి అని చెప్పడానికి నోరు రాదు.

కిందటేడు తిరువణ్ణామలైలో ఒక చిన్న లాడ్జిలో రాత్రి పదకొండు దాటాక చెప్పక తప్పలేదు. తలుపు తట్టి, "అమ్మా, కొంచెం మెల్లగా మాట్లాడుకోండి, పొద్దున్నే లేచే పని ఉంది" అన్నాను. గది మొత్తం గప్‌చుప్ అయిపోయింది. డెబ్భై ఏళ్ళావిడ బయటికొచ్చి, "అయ్యో, నువ్వు తెలుగోడివా నాయనా? ఇక్కడెవరికీ మన మాట రాదనుకున్నాం" అంది. వాళ్ళది ప్రకాశం జిల్లా. హోసూరంటే ఆవిడకు తెలియదు. "అక్కడ మనోళ్ళు ఎప్పుడు పోయార్రా?" అని అడిగింది. మూడు నాలుగు వందల ఏళ్ళయిందంటే నమ్మలేదు. పిల్లలు మంచాల మీదనుంచి తలలెత్తి నా తెలుగును వింతగా విన్నారు. ఎవరో ముసిముసిగా నవ్వారు కూడా. ఆవిడ వాళ్ళను కసిరి, నా చేతిలో రెండు అరిసెలు పెట్టి, లైటార్పించింది.

తెల్లవారుజామున నాలుగింటికి వాళ్ళు ప్రదక్షిణకు బయలుదేరారు. నా తలుపు దగ్గరికి రాగానే ఒక పిల్లవాడు, "ఈ గదిలో హోసూరు తాతయ్య పడుకున్నాడు, మెల్లగా నడవండి" అన్నాడు. ఆ మాట మాత్రం గట్టిగానే అన్నాడు.