మహామారి శాసనములు – గృహశబ్దార్థవిచారము

2020వ సంవత్సరము మార్చి 24వ తేదీ రాత్రి 8 గంటలకు భారతప్రధాని దేశప్రజల నుద్దేశించి ప్రసంగించి, నాఁటి యర్ధరాత్రము మొదలుకొని 21 దినములు ఎవరును గడప దాఁటరాదని ప్రకటించెను. ప్రకటనకును అమలునకును నడుమ నున్న వ్యవధి నాలుగు గంటలు. అంతకు రెండుదినముల ముందే, మార్చి 22వ తేదీ ఆదివారమున, ఆంధ్రప్రదేశ తెలంగాణ ప్రభుత్వములు రెండును తమతమ నిషేధాజ్ఞలను ప్రకటించియుండెను. ఆ యాజ్ఞలన్నిటి సారమును “ఇంట నుండుఁడు” అను రెండుమాటలలోఁ జెప్పవచ్చును. వ్యాకరణమునం దించుక పరిశ్రమ చేసినవాఁడ నగుటచే నాకు నాఁడే యొక సందేహము కలిగెను. ఈ వాక్యమున క్రియ స్పష్టముగా నున్నది. కాని “ఇంట” అను సప్తమ్యంతమున కర్థ మేమి? ఎవరికి ఏది యిల్లు?

ఇది కేవల శబ్దవిచారము కాదు. ఈ యర్థమును విచారింపక శాసనము చేసినచో నేమగునో మనదేశమున రెండుమారులు కానవచ్చినది. మొదటిది 1896 మొదలుకొని బొంబాయిరాజధానిని పీడించిన ప్లేగు. రెండవది 2020లోని కోవిడు. దేశవ్యాప్తమగు నాజ్ఞ 2005వ సంవత్సరపు విపత్తునిర్వహణచట్టము ననుసరించి వెలువడినను, రాష్ట్రప్రభుత్వములు తమ నిబంధనలకు మూలముగాఁ జేసికొన్నది మాత్రము 1897వ సంవత్సరపు సాంక్రామికవ్యాధులచట్టమే. నూటయిరువదిమూఁడేండ్లనాఁటి యా చట్టము పుట్టుక నెఱిఁగినఁగాని తరువాతికథ బోధపడదు.

1896 సెప్టెంబరులో బొంబాయినగరమున, మాండవీపేటలో, వియేగసు అను గోవాదేశపు వైద్యుఁడు ప్లేగును గుర్తించెను. 1897 జనవరి 28వ తేదీని కలకత్తాలోని శాసనసభయందు బిల్లు ప్రవేశపెట్టఁబడెను. ఫిబ్రవరి 4వ తేదీకి చట్టమయ్యెను. దానికి నాలుగే ప్రకరణములు. మొదటిది పేరు, రెండవది ప్రభుత్వమునకు తోఁచిన నిబంధనలు చేయు నధికారము, మూఁడవది ధిక్కరించినవారికి శిక్ష, నాలుగవది సద్బుద్ధితోఁ బనిచేసిన యధికారిపై వ్యాజ్యము చెల్లదనుట. అర్ధమాత్ర తగ్గినను పొంగిపోవు వైయాకరణులు సైతము మెచ్చుకొనఁదగిన లాఘవము! కాని మన సూత్రములకు వృత్తులు, భాష్యములు కలవు. అధికారము, అనువృత్తి, అపవాదము అను కట్టుబాట్లు కలవు. ఈ చట్టమునకు భాష్యము వ్రాసినవారు పోలీసువారును సిపాయిలును.

ఆ భాష్య మెట్టిదో చూడుఁడు. అధికారులు రోగిని వైద్యశాలకును, కుటుంబమువారిని ఊరివెలుపలి పాకలకును దరలించిరి. ఇంటిగోడలకు సున్నము కొట్టించిరి. వెలుతురు ప్రసరించుటకై పైకప్పు పెంకులు తీయించిరి. మురుగుకాలువలలో సముద్రజలమును కార్బాలికు ద్రవమును పాఱించిరి. నివాసయోగ్యములు కావని తలఁచిన యిండ్లపై మూఁ డింగ్లీషక్షరములు వ్రాసిపోయిరి. ప్లేగును మోయునది ఎలుకల నంటియుండు చిన్నపురుగని ఫ్రెంచివైద్యుఁడు సీమోఁ ప్రకటించుట 1898లో. ఆ మాటను వైద్యలోక మంగీకరించుటకు మఱికొన్నియేండ్లు పట్టెను. కాఁబట్టి అంతవఱకు రోగమునకుఁ గారణము పేదవాని యిల్లే యని యధికారుల నమ్మకము. పూనాలో రాండు అధ్యక్షుఁడుగా నేర్పడిన ప్లేగుసంఘము తెల్లసిపాయిలచేత ఇంటింటను సోదా చేయించెను. వంటయిండ్లలోను దేవతార్చనపుగదులలోను వారు చొరఁబడిరని జనులు మొఱపెట్టిరి. 1897 జూను 22వ తేదీరాత్రి చాపేకరుసోదరులు రాండును కాల్చిరి. జూలై 3వ తేదీని అతఁడు మరణించెను. ఆ యేడే తిలకునకు రాజద్రోహాపరాధమున 18 మాసముల శిక్ష విధింపఁబడెను. రోగులకు సేవచేయుచు సావిత్రీబాయి ఫూలే ప్లేగుచేతనే మరణించినదియు ఆ సంవత్సరము మార్చి 10వ తేదీననే. ఈ సంగతు లెల్లరు నెఱిఁగినవే గాన విస్తరింపను.

అంతగాఁ బ్రసిద్ధికి రానిది బొంబాయి నూలుమిల్లులకథ. 1896 అక్టోబరులో సుమారు వేయిమంది మిల్లుపనివారు ఆర్థరురోడ్డు వైద్యశాలపైఁ బడిరి. అది కోప మొకవైపు, భయము మఱియొకవైపు. పిదప వారు కోపపడుటకైనను నిలువలేదు. కొన్నిమాసములలో నగరజనమునందు సగమునకు సమీపముగా రైళ్లమీఁదను పడవలమీఁదను కాలినడకను వెడలిపోయిరి. 1891 జనాభాలెక్కలలో 8,21,764గా నున్న నగరజనసంఖ్య, పదియేండ్లలోఁ బెరుగుటకు మాఱుగా 1901లో 7,76,006గాఁ గనఁబడినది. యంత్రములున్నవి, ప్రత్తి యున్నది, చేతులు లేవు. నెలజీతము నాలస్యముగా నిచ్చు నాచారముండిన చోట, నాఁటికూలి నాఁడే చేతఁ బెట్టవలెనని మిగిలినవారు పట్టుపట్టిరి. మిల్లులవారు వీథిమూలల నిలిచి, వేలముపాటలోవలె ఒకరిమీఁద నొకరు ధర హెచ్చించుచు పనివారిని దోడుకొనిపోయిరఁట. రోగ మున్నన్నినాళ్లు కూలివాని మాటకు వెలకలిగినది.

ఆ వెడలినవారు ఎక్కడికిఁ బోయిరి? ఇంటికి. రత్నగిరి, కొంకణము, దక్కను పల్లెలకు. బొంబాయిలో వారికున్నది చాళ్ళలో నొకగదియందు కొంతపాలు మాత్రమే. పగటిపాళివారు లేచిన చాపపై రాత్రిపాళివారు పండుకొను గది. తెలుఁగువారికిని ఈ కథలో పాలు గలదు. నిజాంరాజ్యమునుండి పోయి యచ్చటి కట్టడములకు రాళ్లుమోసిన కామాటీల పేరుననే కామాటిపుర యేర్పడినది.

ఇఁక శబ్దవిచారము. గ్రహధాతువుపైఁ గప్రత్యయము వచ్చి, సంప్రసారణముచే గృహశబ్దము సిద్ధించునని పాణిని సాధించెను. తనలోనికిఁ గైకొనునది గృహము. అందుండుటచేత గృహిణికిని ఆ శబ్దమే వర్తించునని వృత్తికారులు చెప్పిరి. తెలుఁగున ఇల్లాలు అను మాటయు నట్టిదే. కావున గోడలును కప్పును గృహమునకు లక్షణము కావు, కైకొనుట లక్షణము. మన పనివాండ్ర వాడుక యీ యర్థమున పాణినికి దూరముగా లేదు. హైదరాబాదులోఁ గట్టడపుఁబని చేయు పాలమూరువాఁడు తానుండు తావును “రూము” అనును. “ఇంటికిఁ బోవుచున్నాను” అన్నచో ఊరికిఁ బోవుచున్నాఁడని యర్థము. ఈ భేదము శాసనకర్తల చెవినిఁ బడలేదు.

1897లో ఇల్లు రోగస్థానమని తలఁచి మనుష్యుని వెలుపలికి లాగిరి. 2020లో ఇల్లు రక్షాస్థానమని తలఁచి లోపలికి నెట్టిరి. రెండవ యూహ మొదటిదానికంటె శాస్త్రసమ్మతమే. ముఖమునుండి ముఖమునకుఁ బ్రాకు రోగమునకు ఎడముగా నుండుట మందు. నిషేధము వలదనువాఁడను గాను. వైద్యశాలలు సిద్ధమగుటకు అది కొంతవ్యవధి నిచ్చినదనుట న్యాయము. కాని ఇంట నుండుఁడన్నంతనే లక్షలమంది యింటికి బయలుదేఱిరి! ఆజ్ఞను ధిక్కరించుటకుఁ గాదు, వారి భాషలో నెఱవేర్చుటకు. పని నిలిచిననాఁడే కూలి నిలిచెను. కూలి నిలిచినపిదప రూము కైకొనదు. యజమానులు కూలి తగ్గింపక యీయవలెననియు, ఒకనెల యద్దె యడుగరాదనియు కేంద్రప్రభుత్వము మార్చి 29వ తేదీని ఆజ్ఞాపించెను. మే 18వ తేదీనుండి ఆ యాజ్ఞ తొలఁగెను. జూను 12వ తేదీని సుప్రీంకోర్టు ఉభయులును సంప్రదించి తీర్చుకొనవచ్చుననెను. తెలంగాణప్రభుత్వము వలసకూలీలకు తలకు 12 కిలోల బియ్యమును 500 రూపాయలును ఇచ్చినది. అది మేలే. కాని ఇంటిని బియ్యముతోఁ గొలువరాదు.

ములుగుజిల్లాకు మిరపకాయలు కోయ వచ్చిన పండ్రెండేండ్ల ఛత్తీసుగఢు బాలిక తోడివారితో మూఁడుదినములు నడచి, ఏప్రిలు 18వ తేదీని, ఇల్లు కొన్నిమైళ్లున్నదనఁగా మరణించెను. మే 8వ తేదీని ఔరంగాబాదునొద్ద రైలుపట్టాలపై నిద్రించిన 16 మందిమీఁదుగా సరకుబండి పోయెను. రైళ్లు నడువవని వారి నమ్మకము. ఇంతలో సంగారెడ్డిజిల్లా కందివద్ద ఐ.ఐ.టి. భవనములు కట్టుచున్న కూలీలు ఏప్రిలు 29వ తేదీని కూలికొఱకును ఊరికొఱకును తిరుగఁబడిరి. మే 1వ తేదీని తెల్లవాఱుజామున లింగంపల్లినుండి ఝార్ఖండములోని హటియాకు సుమారు 1,200 మందితో రైలు కదలినది. దేశమున శ్రామికులకై నడచిన తొలిరైలు అదియే. ఆగస్టుమాసాంతమునకు అట్టి రైళ్లు 4,621. వానియందుఁ బోయినవారు 63.19 లక్షలు.

శ్రీకాకుళ విజయనగరాది మండలముల జాలరుల సంగతి వేఱు. ఉత్తరాంధ్రతీరమున చాలినన్ని రేవులు లేక, ఏటేట గుజరాతులోని వేరావలునకుఁ బోయి అచ్చటి యజమానుల మరపడవలలో వేఁటసాగించువారు వీరు. నిషేధము వచ్చునప్పటికి నాలుగువేలకుఁ బైఁబడి రేవున నిలిచిపోయిరి. “ఇంట నుండుఁడు” అన్న నాఁడు వారి యిల్లు పడవ. ప్రక్కప్రక్కనే త్రాళ్లతోఁ గట్టిన పడవలలో, ఇఱుకుతావున, నెలకుఁ బైఁగాఁ గడపిరి. 1377లో రగూసానగరము, అనఁగా నేఁటి దుబ్రోవ్నికు, రోగదేశములనుండి వచ్చువారిని ముప్పదిదినములు ఊరికి దూరముగా నిలిపెను. పిదప అది నలువదియై, ఆ సంఖ్యను దెలుపు ఇటలీమాటనుండి క్వారంటైను అను పేరు వచ్చినది. కాని రగూసావారు నిలిపినది పరదేశములనుండి వచ్చినవారిని. మన జాలరులు వచ్చినవారు గారు, పోవలసినవారు. ఏప్రిలు చివర బస్సులు బయలుదేఱినపిదపఁ గాని వారు తీరము చేరలేదు.

ఇల్లే కార్యాలయమైనవారి కష్టములు తేలిక; అయినను చెప్పవలెను. మాధాపురము, గచ్చిబౌలిలోని సంస్థల పనివారు ఇంటినుండి పనిచేయుటకు వలసిన సడలింపును టెలికాంశాఖ మార్చి 13వ తేదీననే యిచ్చినది. భోజనపుబల్ల కచేరీ యయ్యెను. వంట, బిడ్డల చదువు, ఉద్యోగము ఒక్కగదిలోఁ గలసి, ఆ భారము గృహశబ్దవాచ్యయగు నిల్లాలిపైఁ బడినది. గృహహింసను గూర్చిన ఫిర్యాదులు పెరిగినవని జాతీయమహిళాసంఘమే ఏప్రిలులోఁ దెలిపెను. నేనును ఫోనులో విసర్గసంధి పాఠము చెప్పితిని. విసర్గ వినఁబడలేదు, బదులు చెప్పు పిల్లలు పదిమందిలో మువ్వురు. తక్కినవారి యిండ్లలో ఫోనొక్కటి. తండ్రి దానితోఁ బనికిఁ బోవును. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శనమున పాఠములు వచ్చుటతో కొందఱు వినఁగలిగిరి.

పనిచోటులను మూయుట తలుపు వేయుటవంటిది కాదనుటకు విశాఖపట్టణము సాక్షి. వేంకటాపురమువద్ద నొక కర్మాగారమున, నిషేధకాలమున నిలువయున్న స్టైరీను వేఁడెక్కి, మే 7వ తేదీ వేకువను వాయువై పల్లెపైఁ గమ్మినది. పండ్రెండుగురు మరణించిరి. వారందఱును ఆజ్ఞానుసారముగా నింట నున్నవారే. తెఱచిన కర్మాగారములందు గుజరాతుప్రభుత్వము పని 12 గంటలకు పొడిగింపఁగా, అక్టోబరు 1వ తేదీని సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది.

ప్రసక్తానుప్రసక్తముగా మఱియొక మాట. ఆ దినములలో “సామాజికదూరము” అను సమాసము పత్రికలలో నిండిపోయినది. సమ్‌పూర్వకమగు నజధాతువునుండి వచ్చిన సమాజమునకు కూడి నడచువారని యర్థము. మందయైనచో సమజము, మనుష్యులైనచో సమాజము. కూడి నడచుటలో దూర మెక్కడిది? ప్రపంచారోగ్యసంస్థయు భౌతికదూరమనుటయే మేలని మార్చిలోఁ జెప్పినది. మన దేశమున మనుష్యుని దూరముగా నిలుపుట రోగముతో రాలేదు. దానికి ప్రమాణవాక్యములు వెదకియిచ్చినవారిలో నావంటి పండితులు పెక్కండ్రు. ఆ మాట విన్నప్పుడు సిగ్గుపడవలసినవారము మేము.

శబ్దార్థ మెఱిఁగి నడచిన చోటొకటి చెప్పి ముగింతును. బొంబాయిలోని ధారావిలో ఏప్రిలు 1వ తేదీని తొలిరోగి కనఁబడెను. రెండు చదరపుకిలోమీటర్లకు కొంచెము మీఱిన తావున ఎనిమిదిలక్షలకుఁ బైఁగా జనము. పెక్కండ్రకు మరుగుదొడ్డి ఉమ్మడిది. ఇచ్చట “ఇంట నుండుఁడు” అనుట వ్యర్థమని నగరపాలకులు గ్రహించి, పాఠశాలలను, క్రీడాశాలను, కల్యాణమండపములను బసలుగాఁ జేసి, వైద్యులచే గడపగడపకును పరీక్ష చేయించి, అనుమానితుల నచ్చట నుంచి యన్నముపెట్టిరి. చూచుటకిది 1897నాఁటి పద్ధతియే, ఇంటినుండి తీసికొనిపోవుటయే. కాని ఈమారు సిపాయి రాలేదు, పెంకు ఊడలేదు, తిరిగివచ్చినవానికి గది యున్నది. జూలైనాఁటికి రోగము తగ్గుముఖము పట్టినది.

1897వ సంవత్సరపు చట్టమును 2020 సెప్టెంబరులో పార్లమెంటు సవరించినది. వైద్యసిబ్బందిపై దాడి చేసినవారిని శిక్షించుటకై తొలిసారిగా నిర్వచనప్రకరణమును జేర్చిరి. అందు నిర్వచింపఁబడిన శబ్దములు హింసాచర్య, వైద్యసేవాసిబ్బంది, ఆస్తి. ఈ చట్టము నేఁటికాలమునకుఁ జాలదని న్యాయసంఘము 2024 ఫిబ్రవరిలోఁ దన 286వ నివేదికయందు చెప్పినది.