విశాఖ ఉక్కు ఉద్యమం

విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం నెలకొల్పాలని 1966లోనూ, దాన్ని ప్రైవేటుపరం చేయరాదని 2021 నుంచీ సాగిన ప్రజాందోళనలను కలిపి విశాఖ ఉక్కు ఉద్యమం అంటారు. "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" రెండు దశల్లోనూ వినిపించిన నినాదం. ప్రజల పన్నులతో సమకూరిన సొమ్మును కేంద్రం ఎక్కడ ఖర్చు చేయాలి, దేని నుంచి తప్పుకోవాలి అన్న వివాదమే రెండింటికీ మూలం.

నేపథ్యం

దేశంలో ఐదో ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం అనువైనదని ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం 1965లో సిఫారసు చేసింది. లోతైన రేవు, బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం దీనికి అనుకూలించే అంశాలు. హోస్పేట కోసం మైసూరు, సేలం కోసం మద్రాసు రాష్ట్రాలు పోటీపడ్డాయి. 1965 భారత్-పాక్ యుద్ధం, కరవుల తరవాత కేంద్రం దగ్గర నిధులకు కటకటగా ఉన్న కాలమది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. నాలుగో పంచవర్ష ప్రణాళిక మూడేళ్లు వాయిదా పడింది. నిధుల కొరత పేరుతో కేంద్రం నిర్ణయాన్ని దాటవేస్తూ వచ్చింది.

1966 ఆందోళన

విశాఖలోనే కర్మాగారం పెట్టాలని 1966 జులై 1న రాష్ట్ర శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. గుంటూరు జిల్లాకు చెందిన టి. అమృతరావు అక్టోబరు 15న విశాఖలో ఆమరణ నిరాహారదీక్షకు కూర్చోవడంతో ఉద్యమం రాజుకుంది. తెన్నేటి విశ్వనాథం వంటి నాయకులు, వామపక్షాలు, విద్యార్థులు కలిసివచ్చారు. ఊరేగింపులు, హర్తాళ్లు, రైలు రోకోలు రాష్ట్రమంతా పాకాయి. రాష్ట్ర అవతరణ దినమైన నవంబరు 1న విశాఖలో పోలీసులు కాల్పులు జరిపారు. రాష్ట్రవ్యాప్తంగా 32 మంది ప్రాణాలు కోల్పోయినట్లు ఉద్యమ చరిత్రలు చెబుతాయి. ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి హామీతో అమృతరావు నవంబరు 3న దీక్ష విరమించారు.

నిర్మాణం, వ్యయం

హామీ కార్యరూపం దాల్చడానికి ఏళ్లు పట్టింది. 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ విశాఖ, హోస్పేట, సేలం కర్మాగారాలను లోక్‌సభలో ప్రకటించారు. 1971 జనవరి 20న విశాఖ కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1979లో సోవియట్ యూనియన్‌తో సహకార ఒప్పందం కుదిరింది. కర్మాగారాన్ని నిర్వహించే సంస్థగా 1982 ఫిబ్రవరి 18న రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ ఏర్పడింది. మొదట దాదాపు 3,897 కోట్ల రూపాయలుగా వేసిన అంచనా, నిధుల విడుదలలో జాప్యం వల్ల చివరికి రెండింతలు దాటింది. అరవైకి పైగా గ్రామాల రైతులు దీనికోసం భూములు వదులుకున్నారు. ప్రధాని పి.వి. నరసింహారావు 1992 ఆగస్టు 1న కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు.

2021 ఆందోళన

రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్‌లో నూరు శాతం వాటాల విక్రయానికి కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల సంఘం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. కార్మిక సంఘాలు పోరాట కమిటీగా ఏర్పడి, ఫిబ్రవరి 12న విశాఖలోని కూర్మన్నపాలెం కూడలి వద్ద రిలే నిరాహారదీక్షలు ప్రారంభించాయి. ఫిబ్రవరి 20న వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీ వి. విజయసాయిరెడ్డి విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) దగ్గరి గాంధీ విగ్రహం నుంచి ఉక్కు కర్మాగారం దాకా పాదయాత్ర చేశారు. మార్చి 5న రాష్ట్ర బంద్ జరిగింది. నూరు శాతం వాటాలు అమ్ముతామని మార్చి 8న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ లోక్‌సభకు తెలపగానే కార్మికులు జాతీయ రహదారిని దిగ్బంధించారు. విక్రయాన్ని వ్యతిరేకిస్తూ మే 20న శాసనసభ తీర్మానం చేసింది. ఆగస్టు 29న కార్మికులు, నగరవాసులు మానవహారం కట్టారు.

వాదనలు

నష్టాల్లోని ప్రభుత్వ సంస్థలను పన్ను చెల్లింపుదారుల సొమ్ముతో నడపడం ఆర్థిక వ్యవస్థకు భారమని ప్రధాని నరేంద్ర మోదీ 2021 ఫిబ్రవరి 24న వ్యాఖ్యానించారు. కార్మిక సంఘాల లెక్క వేరు. కేంద్రం పెట్టిన పెట్టుబడి 4,890 కోట్లేనని, పన్నులు, డివిడెండ్ల రూపంలో కర్మాగారం దానికి ఎన్నో రెట్లు తిరిగి చెల్లించిందని అవి వాదించాయి. సొంత గనులు లేక ఖనిజాన్ని మార్కెట్ ధరకు కొనాల్సిరావడం, విస్తరణకు తెచ్చిన అప్పులపై వడ్డీ నష్టాలకు కారణాలని చెప్పాయి. 2021–22లో 913 కోట్ల లాభం చూపిన సంస్థ 2023–24లో సుమారు 4,849 కోట్ల నష్టం చవిచూసింది.

ఫలితం

2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించింది. అందులో 10,300 కోట్లు వాటా మూలధనం. నిర్వహణ మూలధన రుణం 1,140 కోట్లను ప్రాధాన్య వాటాలుగా మార్చారు. అమ్మకం ప్రతిపాదనతో మొదలైన వివాదం ఇలా మళ్లీ ప్రభుత్వ పెట్టుబడి దగ్గరికి చేరింది. అయితే కాంట్రాక్టు కార్మికుల తొలగింపుపై అదే ఏడాది కొత్తగా ఆందోళనలు తలెత్తాయి. 2021 నిర్ణయం ఉపసంహరణ, సొంత గనుల కేటాయింపు, ప్రభుత్వరంగ ఉక్కు సంస్థ సెయిల్‌లో విలీనం కార్మిక సంఘాల ప్రధాన డిమాండ్లుగా నిలిచాయి.