రెండో కంప్యూటర్‌కు 80 శాతం

1990ల మొదట్లో మైక్రోసాఫ్ట్ ప్రోగ్రాము కొంటే పెట్టెలో ఫ్లాపీలతోపాటు ఒక లైసెన్స్ కాగితం వచ్చేది. సీలు చించగానే చాలామంది పక్కన పడేసిన కాగితం అది. అందులో ఒక షరతు ఉంది. ఒక కంప్యూటర్ నడిచే సమయంలో 80 శాతానికి మించి ఒకే మనిషి దాన్ని వాడుతుంటే, ఆ మనిషి అదే ప్రోగ్రామును ఇంటి కంప్యూటర్‌లోనో, వెంట తీసుకెళ్లే కంప్యూటర్‌లోనో కూడా వాడుకోవచ్చు. 79 శాతమైతే కుదరదు. ఈ లెక్క ఎవరు వేయాలి? ఆ రోజుల్లో కంప్యూటర్‌ను వాడుతున్నది ఎవరో పసిగట్టి కంపెనీకి చేరవేసే ఏర్పాటే లేదు. వాడేవాడే తన మనసులో లెక్క వేసుకుని, తనకు హక్కుందో లేదో తానే తేల్చుకోవాలి. కోట్ల వ్యాపారం చేసే కంపెనీ తన సరుకుకు కాపలాగా కొన్నవాడి మనస్సాక్షినే పెట్టింది. ఈ షరతు కంటపడిన దగ్గర్నుంచి నాకు దాని బంధువులందరినీ వెతకాలనిపించింది.

80 శాతం అవసరం ఎందుకొచ్చిందో చెప్పడం తేలిక. 1983లో కాంపాక్ పోర్టబుల్ కంప్యూటర్ అమ్మకానికి వచ్చింది. పోర్టబుల్ అన్న మాటేగానీ బరువు 12 కిలోల పైనే. అయినా దాన్ని మోసుకెళ్లేవాళ్లు దొరికారు. పగలు ఆఫీసులో మొదలుపెట్టిన లెక్కను రాత్రి ఇంట్లో ముగించే కొత్త రకం ఉద్యోగి పుట్టాడు. మనిషి ఒకడే, యంత్రాలు రెండు. మరి ప్రోగ్రాము ఒకటా, రెండా? అంతకు ముందు ఈ ప్రశ్న వేయాల్సిన పని పెద్దగా ఎవరికీ రాలేదు.

దీనికి అందరికంటే అందమైన జవాబు చెప్పింది బోర్లాండ్ అనే కాలిఫోర్నియా కంపెనీ. ఫిలిప్ కాన్ అనే ఫ్రెంచ్ మనిషి దాన్ని నడిపాడు. 1983 చివర్లో టర్బో పాస్కల్ అనే కంపైలర్‌ను, అంటే ప్రోగ్రాములు తయారుచేసే ప్రోగ్రామును, 49 డాలర్ల 95 సెంట్లకు అమ్మకానికి పెట్టాడు. అలాంటి కంపైలర్లు వందల డాలర్లు పలుకుతున్న కాలమది. ధర కంటే గొప్ప విషయం బోర్లాండ్ లైసెన్స్. చుట్టూ తిప్పే లాయర్ భాష లేకుండా అది చెప్పిందల్లా ఇంతే: ఈ ప్రోగ్రామును పుస్తకంలాగా చూడండి. ఎంతమందైనా వాడుకోవచ్చు, ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఒకచోట ఒకరు వాడుతుండగా మరోచోట మరొకరు వాడే అవకాశం మాత్రం ఉండకూడదు. ఒకే ప్రతిని ఇద్దరు రెండు ఊళ్లలో ఒకేసారి చదవలేరు కదా, అలాగన్నమాట.

ఈ లైసెన్స్ చదివిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది. దీనికి యంత్రాల లెక్క పట్టదు. ఇల్లా, ఆఫీసా అని అడగదు. ఒక సమయంలో ఒక వాడకం, అంతే. గ్రంథాలయానికి అలవాటుపడిన ఏ పిల్లవాడికైనా ఒక్క నిమిషంలో బోధపడే న్యాయం. కాపీ కాకుండా బోర్లాండ్ తాళమేదీ వేయలేదు. కావాలనుకున్నవాడు పది కాపీలు తీసుకోగలడు. అయినా టర్బో పాస్కల్ విపరీతంగా అమ్ముడైంది, ఒక తరం ప్రోగ్రామర్లు దాని మీదే చెయ్యి తిప్పుకున్నారు. మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో నీలం తెర మీద టర్బో సీ నేర్చుకున్నవాళ్లు వాడింది ఈ బోర్లాండ్ సరుకే.

అదే 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాము దారి వేరు. ప్రోగ్రామును హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకున్నా సరే, మొదలుపెట్టే ప్రతిసారీ అసలు ఫ్లాపీని డ్రైవ్‌లో పెట్టి చూపించాలి. ఫ్లాపీకి బూజు పట్టినా, అయస్కాంతం తగిలినా డబ్బిచ్చి కొన్నవాడి పని ఆగిపోయేది. దొంగ కాపీ వాడేవాడికి ఆ బెడద లేదు, ఎందుకంటే తాళం తీసేసిన కాపీలే వాడికి చేరేవి. 1980లు ముగిసేలోపు లోటస్ కూడా ఆ తాళం వదిలేసింది. నిజాయితీపరుణ్ని మాత్రమే సతాయించే తాళం అన్యాయమైన తాళమని అప్పట్లో కొనుగోలుదారులు గట్టిగా అన్నారు, వాళ్లు చెప్పింది నిజం.

ఇంకా వెనక్కి వెళ్తే దారి సన్నబడుతుంది. 1969 జూన్ దాకా ఐబీఎం తన ప్రోగ్రాములకు విడిగా ధర కట్టలేదు, యంత్రంతోపాటే వచ్చేవి. 1976 ఫిబ్రవరిలో ఇరవై ఏళ్ల బిల్ గేట్స్ కంప్యూటర్ సరదారాయుళ్లకు బహిరంగ లేఖ రాసి, మీలో ఎక్కువమంది మా బేసిక్ అనే ప్రోగ్రామును దొంగిలించారని మండిపడ్డాడు. అప్పుడు ఆ ప్రోగ్రాము ఉన్నది చిల్లులు కొట్టిన కాగితపు టేపు మీద.

చిల్లుల మాట వచ్చింది కాబట్టి పట్టుచీరలు నేసే ధర్మవరం వెళ్లకుండా ఉండలేను. పట్టుచీర అంచులోనూ కొంగులోనూ జరీతో బుటాలు, హంసలు, లతలు తేల్చేది మగ్గం నెత్తిన ఉన్న జకార్డు. దాని మీదుగా చిల్లులు కొట్టిన అట్టకార్డులు దారంతో కుట్టిన దండలాగా తిరుగుతుంటాయి. పేక ఒకసారి పడే ముందు ఒక కార్డు ముందుకొస్తుంది. చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోయి పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. డిజైన్ పెద్దదయ్యేకొద్దీ కార్డులు పెరుగుతాయి. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో జోసెఫ్ మరీ జకార్డ్ 1804 ప్రాంతంలో తెచ్చిన పద్ధతి ఇది. 1839లో అదే ఊళ్లో జకార్డ్ బొమ్మనే పట్టుమీద నేశారు, దానికి దాదాపు 24,000 కార్డులు పట్టాయి. కంప్యూటర్‌కు తాతలాంటి యంత్రాన్ని ఊహించిన చార్లెస్ బాబేజ్ ఆ బొమ్మ తెప్పించుకుని వచ్చినవాళ్లకు చూపించేవాడు.

రెండో కంప్యూటర్ సమస్య మొదట రెండో మగ్గం సమస్యగా పుట్టిందని నేను నమ్ముతాను. ఒక దండ ఒక సమయంలో ఒకే జకార్డు మీద తిరుగుతుంది. విప్పి పక్క మగ్గానికి కట్టొచ్చు, అప్పుడు మొదటి మగ్గం ఆగుతుంది. రెండు మగ్గాల మీద ఒకే డిజైన్ నడవాలంటే ఇంకో దండకు మళ్లీ చిల్లులు కొట్టించాలి, దానికి మళ్లీ కూలి ఇవ్వాలి. బోర్లాండ్ కాగితం మీద రాసిన నియమాన్ని అట్టముక్కలు ఎవరూ చెప్పకుండానే అమలు చేశాయి. డిజైన్ కొట్టేస్తారన్న భయం లియాన్‌లోనూ ఉండేది. 1806 మార్చిలో వచ్చిన ఫ్రెంచ్ చట్టం ప్రకారం కొత్త డిజైన్ గీసినవాడు నమూనాను సీలు వేసిన కవరులో అక్కడి వృత్తి పంచాయతీకి అప్పగించేవాడు. ఆ డిజైన్ తనకే చెందాల్సింది ఒక ఏడాదా, మూడేళ్లా, ఐదేళ్లా, శాశ్వతంగానా అన్నది కూడా అక్కడే చెప్పాలి. గడువు ఎంతో గీసినవాణ్నే అడిగిన చట్టం నాకు ఇంకోటి కనిపించలేదు. మన దేశంలో ఇప్పుడున్న 2000 నాటి డిజైన్ల చట్టం పదేళ్లు, పొడిగిస్తే ఇంకో ఐదేళ్లు ఇస్తుంది. సొంతంగా డిజైన్ గీసే నేతగాళ్లు దాన్ని వాడుకోవాలని నా కోరిక. 1983లో బోనాస్ అనే కంపెనీ ఎలక్ట్రానిక్ జకార్డును మిలాన్ ప్రదర్శనలో చూపించాక కార్డులే అక్కర్లేని మగ్గం మొదలైంది. పెన్‌డ్రైవ్‌లోని ఫైలుకు రెండో దండ కూలి ఉండదు. కాపీకి ఉన్న సహజమైన బరువు పోయింది, ఆ బరువుతోపాటే చిల్లులు కొట్టేవాడి జీతమూ పోయింది.

మన చట్టంలోకి వద్దాం. 1984లో కంప్యూటర్ ప్రోగ్రామును కాపీరైట్ చట్టం కిందికి తెచ్చి సాహిత్య రచనల వరుసలో కూర్చోబెట్టారు. 1994 సవరణతో, న్యాయంగా కొన్నవాడు పాడైపోతుందన్న భయానికి బ్యాకప్ కాపీ తీసుకోవచ్చన్నారు. అదే సవరణ తెలిసి తెలిసి దొంగ కాపీ వాడేవాడికి కనీసం ఏడు రోజుల జైలు పెట్టింది. లాభం కోసం కాకపోతే జైలు లేకుండా జరిమానాతో వదిలే వెసులుబాటు కోర్టుకు ఉంది. 1999 సవరణలో 52వ సెక్షన్‌కు చేరిన ఒక చిన్న ఉపవాక్యం నా మనసు దోచింది. చట్టబద్ధంగా సంపాదించిన సొంత ప్రతి నుంచి, వ్యాపారానికి కాని సొంత వాడకం కోసం ప్రోగ్రామును కాపీ చేసుకోవడం కాపీరైట్ ఉల్లంఘన కాదు అంటుందది. ఇందులో శాతాలు లేవు, యంత్రాల సంఖ్య లేదు. దీన్ని ఎవరూ ప్రచారం చేయకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ప్రోగ్రాము అమ్ముడవుతుందా, అద్దెకు వస్తుందా అన్న వాదన మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ అమ్మిన రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమ్మకపు పన్ను అడిగింది. ఇది మేధస్సు, చేతికందే వస్తువు కాదు అని కంపెనీ వాదించింది. హైకోర్టు ఒప్పుకోలేదు. 2004 నవంబర్ 5న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా, డిస్క్‌లోనో సీడీలోనో ఎక్కించి అమ్మితే అది సరుకేనని తేల్చింది. పన్ను దగ్గర సరుకు, ఇంట్లో రెండో కంప్యూటర్‌లో వేసుకోబోతే మాత్రం మీకు అమ్మలేదు, అనుమతి మాత్రమే ఇచ్చాం అనే కాగితం. కొన్నవాడికి ఇది న్యాయంగా తోచదు, నాకూ తోచదు.

హిందూపురంలో బెల్లం, చింతపండు మండీల లెక్కలు చాలావరకు ఇప్పుడు ట్యాలీ అనే లెక్కల ప్రోగ్రాములో ఉన్నాయి. వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో 1986లో గోయెంకా తండ్రీకొడుకులు మొదలుపెట్టిన కంపెనీ సరుకు అది. సిల్వర్ లైసెన్స్ ఒక కంప్యూటర్‌కు, గోల్డ్ అయితే ఒకే నెట్‌వర్క్‌లో ఎన్నింటికైనా. సిల్వర్ ఉన్న గుమాస్తా జీఎస్టీ రిటర్నుకు 20వ తేదీ దగ్గరపడితే ఇంట్లోనూ కూర్చోవాలి. అందుకు మెనూలో సరెండర్ అనే ఆప్షన్ ఉంది. కొట్లో సరెండర్ చేస్తే అక్కడి ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పడిపోతుంది. నెలలో రెండు మూడు తేదీలకు తప్ప ఇంకే తేదీకీ ఎంట్రీ తీసుకోదు. ఇంటికెళ్లి అక్కడి కంప్యూటర్‌లో యాక్టివేట్ చేసుకుంటే పూర్తి ట్యాలీ ఇంట్లో లేస్తుంది. పొద్దున మళ్లీ ఇంట్లో సరెండర్, కొట్లో యాక్టివేషన్. ఒక సమయంలో ఒకచోట అనే బోర్లాండ్ మాటే ఇది, కాకపోతే ఇప్పుడు సర్వర్ చూస్తుంటుంది.

ఆ చూడటం 2001లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఎక్స్‌పీ యాక్టివేషన్‌తో ఊపందుకుంది. 2003లో అడోబీ ఫోటోషాప్ కూడా అదే దారి పట్టింది. పెట్టెలో కొన్న ఆఫీస్ 2007కు ఒక ల్యాప్‌టాప్ కాపీ ఉచితంగా ఉండేది. ఆఫీస్ 2013 దాన్ని తీసేయడమే కాకుండా, మొదట వేసిన కంప్యూటర్‌కే కట్టేసింది. కొన్నవాళ్లు గోల చేస్తే ఆ ఏడాది మార్చిలో వేరే కంప్యూటర్‌కు మార్చుకోనిచ్చారు. ఇప్పుడు అడోబీకి నెలనెలా కడితే రెండు కంప్యూటర్లలో వేసుకోవచ్చు, ఒకసారికి ఒకదాన్లోనే వాడాలి. నియమం దాదాపు పాతదే. పోయింది నమ్మకం, దాంతోపాటే కొన్నది మనదేనన్న ధీమా.

పోని దారి ఒకటి మిగిలింది. విజయనగరపు రెండో రాజధాని పెనుకొండలో శుభలేఖలు వేసేవాళ్లు ఈరోజు శ్రీకృష్ణదేవరాయ అనే తెలుగు ఫాంటును ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, పక్క షాపుకూ ఇవ్వొచ్చు. పెద్దన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ పేర్లతో ఉన్నవీ అంతే, అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వచ్చినవి. ఫాంటును విడిగా అమ్ముకోకూడదన్నది అందులోని ముఖ్యమైన షరతు. అయితే ఇవి యూనికోడ్ ఫాంట్లు, అంటే ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలతో పనిచేసేవి. డీటీపీ సెంటర్లలో అంతకుముందు తెలుగు కొట్టింది ఎక్కువగా డాంగిల్ అనే చిన్న తాళంముక్కను కంప్యూటర్‌కు గుచ్చితేగాని కదలని ప్రోగ్రాముల్లో, యూనికోడ్ కాని అక్షరాల్లో. ఆ కాలపు శుభలేఖలు, స్థలపురాణాలు, చిన్న పత్రికల సంచికలు సరిదిద్దాలంటే డాంగిల్ ఉన్న ఆ ఒక్క పాత కంప్యూటరే దిక్కు. అది చెడిపోకముందే వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.