ఉప్పుపొర అడుగున రెండు ప్రమాదాలు

న్యూమెక్సికోలోని కార్ల్స్‌బాడ్ సమీపాన, 655 మీటర్ల లోతున, పాతిక కోట్ల ఏళ్లనాటి ఉప్పుపొరలో ‘విప్’ అనే కేంద్రం ఉంది. అణ్వాయుధాల తయారీలో మిగిలిన ప్లుటోనియం వ్యర్థాలను అమెరికా 1999 నుంచి అక్కడ పాతిపెడుతోంది. ఉప్పు మెల్లగా జరిగి పీపాలను తనలో ఇముడ్చుకుంటుందని, పదివేల ఏళ్లు వాటిని కాపాడుతుందని శాస్త్రజ్ఞుల అంచనా.

పదిహేనేళ్లు సాఫీగా గడిచాయి. 2014 ఫిబ్రవరి 5న ఉప్పు మోసే పాత ట్రక్కుకు సొరంగంలో నిప్పంటుకుంది. లోపలున్న 86 మందీ బయటపడ్డారు. ఆరుగురికి పొగవల్ల చికిత్స అవసరమైంది. ట్రక్కుపై పేరుకున్న నూనె, జిడ్డు తొలగించకపోవడమే మంటకు ఊతమని దర్యాప్తులో తేలింది.

ఫిబ్రవరి 14 రాత్రి లాస్ ఆలమోస్ నుంచి వచ్చిన ఒక పీపా లోలోపల వేడెక్కి పగిలింది. తడిని పీల్చడానికి ఖనిజపు పొడి వాడాలి. పనిసూచనల్లో ‘సేంద్రియ’మని పడినందున గోధుమతో చేసిన పిల్లి లిట్టర్ వాడారు. నైట్రేట్ లవణాలతో కలిసి అది ఇంధనమైంది. ఆ సమయంలో సొరంగంలో ఎవరూ లేరు. అయినా గాలిమార్గాల మూతలు సరిగా బిగియక కొంత ధార్మికత పైకి వచ్చింది. ఇరవైమందికి పైగా సిబ్బంది దేహాల్లో స్వల్పంగా కనిపించింది. వ్యర్థాలను పాతిపెట్టే పని దాదాపు మూడేళ్లు ఆగిపోయింది.

రెండుసార్లూ ఉప్పు తన పని తాను చేసింది. ఎంతటి శస్త్రచికిత్సనైనా కడుక్కోని చేయి చెరుపుతుందని వైద్యులకు తెలుసు. వేల ఏళ్ల భద్రతకూ ఆ నియమమే వర్తిస్తుంది.